తాటిరొట్టె కాలేలోపు

మూత తీయకూడదు. ఒకసారి తీస్తే ఆవిరి పోతుంది, ఆవిరి పోతే నడిమి భాగం ముద్దగానే ఉండిపోతుంది, తర్వాత ఎంతసేపు నిప్పుల మీద ఉంచినా అడుగు మాడుతుందే తప్ప లోపల కాలదు. ఇది అమ్మ చెప్పిన మాట. అమ్మ పేరు అమ్మన్న, నన్ను పెంచిన అమ్మ, వరసకి పెద్దమ్మ. నన్ను కన్నది ఆమె చెల్లెలు ప్రసూన. ఇప్పుడు ఈ రైల్వే క్వార్టర్ ముందుగదిలో, పోలాల అమావాస్య పూజకని పీట మీద కంద మొక్కని నిలబెట్టి బొట్టు పెడుతున్నది ఆవిడే. ఆవిడని నేను పిన్ని అంటాను. ఆవిడ భర్తని, అంటే నన్ను కన్న నాన్నని, బాబాయి అంటాను. మాటలు నేర్చినప్పుడు అలా నేర్చాను, బిలాస్‌పూర్ వచ్చి రెండు నెలలు దాటినా నాలుక తిరగడం లేదు. ఎదురుగా ఉన్నప్పుడు ఏమీ అనకుండా గడిపేస్తాను. పిలవకుండా ఒక మనిషితో ఎన్ని పనులు చేసుకోవచ్చో ఈ రెండు నెలల్లో తెలిసింది. దగ్గరికి వెళ్ళి నిలబడితే చాలు, వాళ్ళే తిరిగి చూస్తారు.

నిప్పులు పైనా కిందా ఉండాలి. కింద తక్కువ, మూత మీద కాస్త ఎక్కువ. మా ఊళ్లో అయితే కొబ్బరిచిప్పల నిప్పులు, మెత్తగా ఉండేవి, రొట్టె కాలుతున్నంతసేపూ అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది. ఇక్కడ సిగిడీ అనే ఇనప కుంపటి, రాతిబొగ్గు. దీని వేడి మొండిది. పొద్దున్న ఏడింటికే వెనక వసారాలో రేకు కింద రాజేసి, పొగంతా పోయి, బొగ్గు ఎర్రబడి, పైన బూడిద కమ్మేదాకా ఆగాను. అప్పుడు దళసరి గిన్నెకి నూనె రాసి, అరిటాకు పరిచి, తాటిగుజ్జులో బియ్యపురవ్వ, బెల్లం, కొబ్బరి కలిపిన పిండి పోసి, మూత పెట్టి, పట్టకారుతో ఒక్కో బొగ్గూ తీసి మూత మీద పేర్చాను. వాన సన్నగా పడుతోంది. రేకు మీద చప్పుడు తప్ప నీళ్ళు కనిపించనంత సన్నగా. అమ్మ రొట్టెకి గడియారం చూడదు. వాసన మూడుసార్లు మారుతుందనేది. మొదట పచ్చి తాటిపండు వాసన, తర్వాత బెల్లం వాసన, చివరికి కొబ్బరి వేగిన వాసన. ఇప్పుడింకా మొదటి వాసనే. ఇది మారకుండా ఇలాగే ఉండిపోతే బాగుండునని ఉంది, ఎందుకంటే రొట్టె దిగితే పూజ పూర్తవుతుంది, పూజ పూర్తయితే పిన్ని తోరం పట్టుకుని వస్తుంది.

ఈ వాసన శ్రీవల్లికి పడదు. శ్రీవల్లి నా చెల్లెలు, పద్నాలుగేళ్ళు. తను కడుపులో ఉన్నప్పుడే నన్ను ఊరికి పంపారు. నిన్న సాయంత్రం నేను గుజ్జు తీస్తుంటే ముక్కు పట్టుకుని వచ్చి, "దీదీ, యే క్యా హై? ఎవరో తలనూనె సీసా పగలగొట్టినట్టుంది!" అంది. తర్వాత నా మోచేతుల దాకా ఉన్న పసుపు గుజ్జు చూసి, "హల్దీ ఫంక్షన్ ఎవరిదే, నీదా?" అంది. సిగిడీ కడుగుతుంటే మళ్ళీ వచ్చింది. "ఓవెన్ ఉంది కదా, బీస్ మినిట్‌లో హో జాయేగా. నువ్వేమో దాదీ అమ్మలాగ బొగ్గులేరుకుంటున్నావు." నవ్వాను. నాకు జవాబులు ఆలస్యంగా వస్తాయి, ఒక్కోసారి మర్నాడు, డైరీలో. ఆ డైరీ ఈ ఇంట్లో బల్ల మీద తెరిచి పెట్టినా ఫరవాలేదు. శ్రీవల్లికి తెలుగు అక్షరాలు రావు. బాబాయికి రైల్వే షెడ్ డ్యూటీ నుంచి వచ్చాక కళ్ళు నిలవవు. పిన్ని వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని రెండు వాక్యాలకే పుస్తకం మూసేస్తుంది. దాచుకోనక్కరలేని డైరీ రాస్తుంటే ఎందుకో దిగులేస్తుంది. మా ఊళ్లో బియ్యం డబ్బాలో దాచేదాన్ని. అమ్మ బియ్యానికి చెయ్యి పెట్టినప్పుడల్లా దొరికేది. చదవడం రాదు, అయినా తిరగేసి చూసి, "ఏటి రాసినావే నా మీద? ఇంత రాసినావంటే తిట్లే అయ్యుంటాయి," అనేది.

తాటిపళ్ళు నాలుగొచ్చాయి. విశాఖ నుంచి కోర్బా వెళ్ళే బండిలో, గోనెసంచిలో, బాబాయితో పాటు షెడ్‌లో పనిచేసే రాంప్రసాద్ గారి చేతుల మీదుగా. ఇక్కడి మనవాళ్ళందరికీ ఊరి నుంచి ఏదైనా అలాగే వస్తుంది, ఎవరో ఒకరు ఆ బండిలో ఉంటారు, పనసకాయ, ఆవకాయ, చింతపండు, ఒకసారి బతికున్న కోడి కూడా వచ్చిందట. నేనూ అలాగే వెళ్ళాను. ఏడాదిన్నర పిల్లని, ఒక గుడ్డల సంచి, ఒక పాలసీసా, అమ్మ ఒళ్ళో. పిన్నికి అప్పుడు నెలలు నిండుతున్నాయి, కాళ్ళకి నీరు, మంచం దిగొద్దన్నారట డాక్టర్లు. అమ్మ వచ్చి నెల్లాళ్ళు ఉంచుకుని పంపుతానని తీసుకెళ్ళింది. అమ్మకి పిల్లల్లేరు. ఆ నెల్లాళ్ళు పద్నాలుగేళ్ళు దాటి సాగాయి. ఎవరూ ఇచ్చామనీ అనలేదు, తీసుకున్నామనీ అనలేదు. పళ్ళు పంపాక నాన్న ఫోన్ చేశాడు. నాన్న అంటే అమ్మ భర్త, అప్పలస్వామి. ఫోన్‌లో ఆయన గొంతు ఎప్పుడూ పొలంలో ఆ చివర నుంచి అరుస్తున్నట్టే ఉంటుంది, ఆ రోజు మాత్రం మెల్లగా ఉంది. "పడమటి తాడిచెట్టుయ్యి అమ్మీ. అమ్మ ఉంటే సేసును. నాకైతే ఈ ఏడు పండగ లేదు. నీకుందో లేదో నాకు తెలీదు. అక్కడోళ్ళు ఎలాగ సెప్తే అలాగ సెయ్యి." నీకుందో లేదో. ఆ మాటకి నేను ఊఁ అన్నాను. ఫోన్ పెట్టేశాక గోనెసంచి విప్పి పళ్ళ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ముచ్చికల దగ్గర ఇంకా మా ఊరి మట్టి ఉంది.

ఒక్కో పండు గుజ్జూ ఒక్కో గిన్నెలో తియ్యాలి. కలపకూడదు. పండు పైకి ఎంత బాగున్నా ఒక్కోటి చేదుంటుంది, ఆ ఒక్కటీ కలిస్తే మిగతా మూడూ చేదే. అందుకని పీచు పిండిన ప్రతి పండునీ విడిగా రుచి చూడాలి, ఆ పని మా ఇంట్లో నాది. అమ్మ వేలితో తీసి నా నాలిక మీద రాసేది, నా మొహం చూసేది, మాట అడిగేది కాదు. మొహం చూసి గిన్నె పక్కకి పెట్టేది. నిన్న నాలుగు గిన్నెలు ముందు పెట్టుకుని నా వేలితో నేనే రుచి చూసుకున్నాను. మూడు తియ్యగా ఉన్నాయి. నాలుగోది తెలియలేదు. మొదట తీపి, మింగాక ఏదో. మళ్ళీ చూశాను, మళ్ళీ తెలియలేదు. చూసేవాళ్ళు ఉంటే మొహానికి తెలిసేదేమో. ఆ గిన్నె తీసుకెళ్ళి కాలవలో ఒంపేశాను, మంచిదే పారబోశానేమోనని రాత్రంతా అనిపించింది.

గోడ అవతలి మాటలు విన్నది కూడా అప్పుడే, కాలవ దగ్గర. పక్క క్వార్టర్ చిన్నతల్లి అత్త మంచి మనిషే. వాళ్ళు మూడు తరాలుగా రైల్వేలో ఉన్నారు, మన పద్ధతులేవి మర్చిపోయినా కాలనీలో అందరూ ఆవిడనే అడుగుతారు. "ఏటి ప్రసూనా, ఆ పిల్ల సేత నైవేద్యం వండిస్తావేటి? పెంచిన తల్లి పోయి మూడు నెల్లన్నా కాలేదు. ఏటిసూతకం ఉంటాది గదా. ఏడాది తిరిగేదాకా దానికి పండగేటి, తోరమేటి?" అంది. పిన్ని బట్టలు పిండుతోంది. పిండడం ఆపింది, నీళ్ళ చప్పుడు ఆగింది కాబట్టి తెలిసింది. "సూతకమేటి వదినా? దత్తతిచ్చినామా? కాయితం రాసినామా? నెల్లాళ్ళకని పంపినాను. నా పిల్లే అది," అంది. "అచ్ఛా, మరైతే కట్టు," అంది చిన్నతల్లి అత్త, "నీ పిల్లయితే తోరం కట్టు, దానికేటి." అంతే, ఇద్దరూ టమాటాల ధర మాట్లాడుకున్నారు. నేను ఖాళీ గిన్నెతో గోడకి ఇవతల నిలబడిపోయాను. నా పిల్లే అన్న మాట వినాలని ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు అనుకున్నానో డైరీలో ఉంది. తీరా విన్నాక అది ఇలా ఉంది. నేను పిన్ని పిల్లనైతే నాకు సూతకం లేదు. నాకు సూతకం లేకపోతే చనిపోయింది అమ్మ కాదు, ఎవరో పెద్దమ్మ. మూడు రోజులకి స్నానం చేసి మర్చిపోయే వరస. మరి ఆ పద్నాలుగేళ్ళు జ్వరం వస్తే రాత్రుళ్ళు నా అరికాళ్ళు రాసిందెవరు? అది పెద్దమ్మేనా?

పోలాల అమావాస్య నాడు తోరం ఎవరు కడితే వాళ్ళే తల్లి, మా ఊళ్లో ఆ విషయంలో రెండో మాట లేదు. పసుపు దారానికి పసుపుకొమ్ము కట్టి, ముందు కందమొక్కకి, తర్వాత పిల్లలకి. ఒక బిడ్డ మెడలో ఆ రోజు రెండు తోరాలు ఉండకూడదు. ఇందాక మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళినప్పుడు పళ్ళెంలో చూశాను. చూడకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. ఒకటి కందకి, ఒకటి శ్రీవల్లికి, ఇంకొకటి ఉంది. పిన్ని నేను చూడటం చూసింది. పళ్ళెం మీద పువ్వులు జరిపింది, కప్పడానికో సర్దడానికో తెలియలేదు.

బెల్లం వాసన వచ్చింది. పాకం పొంగి అంచుల దగ్గర బుడగలు వచ్చే వేళ ఇది, మూత లోపల చిన్న చప్పుడు అవుతుంది, చెవి దగ్గర పెడితే వినిపిస్తుంది. ఏడేళ్ళప్పుడు అలా చెవి పెట్టి జుట్టు కాల్చుకున్నాను. ఆ ఏడే కదా పిన్ని ఊరికి వచ్చింది. అదే పండగకి. అంతవరకు ఎప్పుడూ పండగకి రాలేదు, శ్రీవల్లిని వెంటబెట్టుకుని, చెప్పకుండా, పొద్దుటి బస్సుకి వచ్చింది. దీని గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు, నిన్న కాలవ దగ్గర నిలబడ్డప్పటి నుంచే ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. ఆ ఏడు నిద్రలేచేసరికి నా మెడలో తోరం ఉంది. ఇంకా చీకటిగానే ఉంది, పొయ్యి రాజేయలేదు, దేవుడి దగ్గర దీపం లేదు, రొట్టె లేదు. పూజ కాకుండా తోరమేమిటని అప్పుడు అనుకోలేదు. పిన్ని వచ్చింది. నా మెడ చూసింది. అమ్మ నాన్నతో, "పిల్లని తీసుకుని తాళ్ళ దగ్గరకి ఎల్లు, పళ్ళు రాల్నాయేమో సూసి రా, బేగి రానక్కర్లేదు," అంది. నేను, నాన్న పొద్దెక్కేదాకా తోటలో తిరిగాం. రాలిన పళ్ళు ఏమీ లేవు. నాన్న నాకు తాటాకు గిలక చేసిచ్చాడు, అది పట్టుకుని గాలికి ఎదురు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి పిన్ని బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంది. నన్ను చూసి గుప్పెట మూసుకుంది. గుప్పెట సందులోంచి పసుపు దారం కొస వేలాడుతోంది. నేను గిలక చూపించాను. బాగుందమ్మా అంది. ఇంట్లో అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది, పొగ అంది. కొబ్బరిచిప్పల నిప్పులకి పొగ ఉండదు.

ఆ తర్వాత కూడా అమ్మ ఏటేటా అలాగే కట్టింది. చీకటితో, నేను లేవకముందు. నేను లేస్తే వద్దంటానని కాదు. ఎవరైనా వచ్చేస్తారని. నేను తన కడుపున పుట్టలేదని అమ్మకి ఏటా ఒక రోజు గుర్తొచ్చేదన్నమాట. చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆయాసపడుతూ, "ప్రసూనకి కబురు పెట్టు, నేను దానికి ఒకటి సెప్పాల," అంది రెండుసార్లు. కబురు పెట్టాం. పిన్ని బండి దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. పిన్ని ఏడవలేదు. అమ్మ చీరలన్నీ దించి, ఒక్కొక్కటీ దులిపి, మళ్ళీ మడతపెట్టి, అదే వరసలో సర్దింది. చూసిన వాళ్ళు రాయి అన్నారు. నేనూ అనుకున్నాను. ఆ ఒకటి ఏమిటో నాకు తెలుసు ఇప్పుడు, పిన్ని కట్టకుండా పూజకి ముందే చీకట్లో కట్టేశానని, పిన్నికి చెప్పాల్సింది నేనే, కానీ చెబితే అమ్మ దొంగ అవుతుంది, చెప్పకపోతే పిన్ని గుప్పెట ఎప్పటికీ మూసే ఉంటుంది. అమ్మ మీద కోపం రావడం లేదు. రావాలేమో. అమ్మని ఇంకా ఎక్కువగా చూడాలనిపిస్తోంది, చూసి, చీకట్లో ఎందుకు కట్టావే, నేను లేచే ఉన్నా కట్టించుకునేదాన్ని కదా అనాలనిపిస్తోంది.

లోపల దగ్గు. పిన్ని దగ్గు అచ్చం అమ్మది, ఒకసారి పొడిగా, ఆగి, రెండుసార్లు. వచ్చిన కొత్తలో ఆ దగ్గు వినిపిస్తే పనులు వదిలేసి తిరిగి చూసేదాన్ని. ఇప్పుడు తిరగను, కానీ వీపు తెలుసుకుంటుంది. రోడ్డు మీద ఇక్కడి పిల్లలు తమ పోరా పండగకి చేసిన మట్టి ఎద్దుల్ని లాగుతున్నారు, మట్టి చక్రాలు తడి తారు మీద గరగరమంటున్నాయి. అమావాస్య పదకొండున్నరకే వెళ్ళిపోతుందట. పిన్ని కథ మొదలుపెట్టింది. ఏటేటా ఇదే రోజున బిడ్డని పోగొట్టుకున్న తల్లి కథ. పుస్తకంలో అక్షరాలు కూడబలుక్కుంటోంది, అ-మా-వా-స్య, ఆగుతోంది, చదివిన మాటే మళ్ళీ చదువుతోంది. శ్రీవల్లి, "మమ్మీ, స్పీడ్ బఢావో," అంటోంది. నేను చదివితే రెండు నిమిషాల పని. నన్ను రమ్మనలేదు. నేనే చదువుతానని వెళ్ళొచ్చు. వెళ్తే ఆ పీట ముందు కూర్చున్నట్టు, కూర్చుంటే ఒప్పుకున్నట్టు. మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని సిగిడీ ముందే ఉండిపోయాను. తప్పు చదివిన చోటల్లా నా పెదవులు కదిలాయి.

కొబ్బరి వాసన. నూరు లెక్కపెట్టాను, బూడిద దులిపాను, మూత తీశాను. అంచులు ఎర్రగా విడిచాయి, నడుమ పుల్ల గుచ్చితే ఏమీ అంటలేదు. ఏడవాలనిపించింది గానీ సంతోషానికో దేనికో తెలియలేదు. పళ్ళెంలోకి బోర్లించి, అరిటాకు ఒలిచి, గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి వచ్చేశాను. పిన్ని వచ్చి తీసుకుంది. గంట మోగింది. శ్రీవల్లి గొంతు, "గుద్‌గుదీ హో రహీ హై మమ్మీ," అని చక్కిలిగిలికి నవ్వు. కడుతోంది. రెండోది అయిపోయింది.

పిన్ని వసారాలోకి వచ్చింది. కుడిచేతిలో తోరం. తడి చీర కొంగు నడుముకి చుట్టుకుని ఉంది, పీట ముందు కూర్చున్నందుకో ఏమో కొంచెం కుంటుతోంది. వెనక నుంచి వచ్చి కట్టేస్తుందనుకున్నాను, మెడ బిగించుకున్నాను కూడా. కట్టలేదు. చుట్టూ తిరిగి వచ్చి సిగిడీకి అవతల, నా ఎదురుగా నిలబడింది.

"కట్టమంటావేటి?" అంది.

నన్ను ఊరికి పంపినప్పుడు అడగలేదు, అడిగే వయసు కాదు. చీకట్లో కట్టినప్పుడు అడగలేదు. పదో రోజు అవగానే పెట్టె సర్ది బండి ఎక్కించినప్పుడు అడగలేదు. నన్ను ఎవరూ ఏదీ అడగలేదన్న సంగతి నాకు అప్పుడే, ఆవిడ అడిగాకే తెలిసింది. ఆవిడ తొందరపెట్టలేదు. నిప్పుల్లో ఒక బొగ్గు విరిగి కిందకి జారింది.

"వచ్చే ఏడు," అన్నాను. వినిపించిందో లేదోనని మళ్ళీ అన్నాను. "వచ్చే ఏడు కట్టు పిన్నీ. ఈ ఏడు నాకు... అమ్మ పోయింది."

పిన్ని తల ఊపింది. చాలాసేపు ఊపింది. "అవును. పోయింది," అంది. ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. తర్వాత చేతిలో తోరం వైపు చూసుకుంది. "దేవుడి దగ్గర పెట్టీసినాను గదా దీన్ని. ఇప్పుడేటి సెయ్యాల? కట్టకుండా ఉంచొచ్చా? నీళ్ళల్లో ఒదిలెయ్యాలా?"

"తెలీదు," అన్నాను.

"చిన్నతల్లి వొదినకీ తెలీదు ఇలాంటియ్యి," అంది పిన్ని. "ఉండు, అక్కకి ఫోన్ సేసి అడుగు..."

అక్కడ ఆగిపోయింది. నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను, అమ్మనడిగితే తెలుస్తుందని. పిన్ని నోరు తెరిచే ఉంది. ఆ మాటని ఇంకా ముందుకి తీసుకెళ్ళడానికి చూసింది, లేదు, వెనక్కి తీసుకోవడానికి చూసింది, రెండూ కాలేదు. మోకాళ్ళు మడిచి తడి నేల మీద కూలబడింది. అప్పుడు వచ్చింది ఆవిడకి ఏడుపు, ఆసుపత్రి ముందు రానిది, చీరలు మడతపెట్టినప్పుడు రానిది. అక్కా, అక్కా అని, చిన్నపిల్లలాగా, వీధిలోకి వినిపించేలా. నేను లేచి సిగిడీ ఇవతలికి జరిపి, ఆవిడ పక్కన కూర్చున్నాను.